తల వంచిన నిమిషం

కుజిమా రేవు, షిమనె
జనవరి 22

ఇత్సుకో అక్కకి,

ఇక్కడ వారం రోజులుగా సముద్రం ఒకటే హోరు. ఉప్పుగాలికి బట్టలు ఆరక, తడి సాక్సులతోనే డ్యూటీకి వెళ్తున్నాను. మీ మొరియోకాలో మంచు నడుం లోతు ఉందని టీవీలో చూపించారు. ఇంటి కప్పు మీది మంచు నువ్వే దులుపుతానని నిచ్చెన ఎక్కకు. డెబ్భై దగ్గరపడ్డాయని గుర్తుంచుకో. ఫోను చేద్దామంటే నీకు వినబడదు, నేను అరిస్తే నీ మరదలు కయో "ఎవరితో కొట్లాట?" అంటూ వంటింట్లోంచి వస్తుంది. అందుకని ఉత్తరమే గతి.

సంగతేమిటంటే, లైసెన్సు రెన్యువల్ చేయించుకోమని కార్డు వచ్చింది. మార్చి 14కి నాకు అరవై నిండుతాయి. ఆ తర్వాత నెల రోజుల దాకా, అంటే ఏప్రిల్ 14 దాకా గడువు. అరవై దాటినవాళ్ళని కంపెనీ ఏడాదికోసారి ఒప్పందం రాసుకుని ఉంచుకుంటుంది, అదీ కొత్త లైసెన్సు చేతిలో ఉంటేనే.

నా బెంగంతా మూడు పుల్లల పరీక్ష గురించి. సొంత కారు నడుపుకునేవాళ్ళకి అది లేదు, బస్సులూ లారీలూ నడిపే మాకే ఆ శిక్ష. ఒక పెట్టెలో మూడు నల్ల పుల్లలు నిలబెట్టి ఉంటాయి. నడిమిది ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. మూడూ ఒక వరసలోకి రాగానే మీట నొక్కాలి. కిందటిసారి నేను నొక్కేసరికి నడిమి పుల్ల పక్క ఊరు దాటింది. నాలుగోసారికి గట్టెక్కాను. అందుకే ఈసారి ఇంట్లో సాధన మొదలెట్టాను. ముల్లంగి ముక్కకి అన్నం తినే పుల్లలు రెండు గుచ్చి కిటికీలో పెట్టాం. మూడోదాన్ని కయో పట్టుకుని జరుపుతుంది. నేను గరిటెతో బల్ల మీద కొట్టాలి. నిన్న "ఇదిగో!" అని కొట్టాను. "నేనింకా కదపనే లేదు," అంది. ఆ ముల్లంగే రాత్రి పులుసులో తేలింది.

స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లల కళ్ళూ పళ్ళూ చూసిన నర్సువి కదా, ఏదైనా చిట్కా ఉంటే రాయి.

నవ్వుకోవడానికి ఇంకోటి జతచేస్తున్నాను. మా ఆఖరి స్టాపు ఇసొమురాలో ఉండే తొమే బామ్మగారు నా గురించి కంపెనీకి కార్డు రాసింది. మా మేనేజరు హిరాత దాన్ని ఆఫీసు గోడకి అంటించాడు. నాకు మర్యాదకి ప్రశంసాపత్రం, ఒక డబ్బా ఎండునాచు ఇచ్చారు. కార్డుకి నకలు తీసి పంపుతున్నాను.

నీ తమ్ముడు
మొరిహికో

(కార్డు నకలు)

బస్సు కంపెనీ వారికి. నా వయసు ఎనభై ఆరు. డిసెంబరు 11న పొద్దుటి బస్సులో ఇసొమురాలో దిగేదాన్ని నేనొక్కదాన్నే. డ్రైవరు అమానో గారు బండి ఆపి ఇంజను కట్టేశారు. "ఇంత చలిలో తీసుకొచ్చారు, మీ దయ," అన్నాను. ఆయన టోపీ జారి కింద పడినా పట్టించుకోకుండా సీట్లోనే తల వంచారు. నేనూ వంగాను. లేచి చూస్తే ఆయనింకా వంగే ఉన్నారు. ఆయన వంగి ఉండగా నేను నిటారుగా నిలబడితే ఏం బాగుంటుంది? మళ్ళీ వంగాను. అలా మూడుసార్లు వంగాను. నా నడుం విరిగినంత పనైంది. చివరికి ఆయన లేచి, "అమ్మా, మీరింకా దిగలేదా?" అని నిదానంగా అడిగారు. చేసిన మర్యాద తనకే గుర్తు లేనంత వినయం! ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఉన్నారంటే నమ్ముతారా?


మొరియోకా
జనవరి 31

ఒరేయ్ మొరిహికో,

ఇక్కడ కుళాయిలో నీళ్ళు కూడా గడ్డకట్టాయి. కప్పు మీది మంచు పక్కింటివాళ్ళు దులిపారు, నీ ఉపన్యాసం అక్కర్లేదు. నిన్న నేనే కారు నడుపుకుంటూ కొండ మీది వేడినీటి ఊటలో స్నానానికి వెళ్ళొచ్చాను. కాళ్ళూ చేతులూ నీకన్నా గట్టిగా ఉన్నాయి. చెవులొక్కటే సెలవు పెట్టాయి.

పుల్లల సంగతికి పెద్ద మందేమీ లేదు. రెప్ప వెయ్యకుండా గుడ్లప్పగించి చూస్తావు నువ్వు, నాకు తెలుసు. కళ్ళు పొడిబారితే దూరం అంచనా తప్పుతుంది. మామూలుగా రెప్ప వేస్తూ చూడు. ముందురోజు బాగా నిద్రపో. పాపం కయోని మాత్రం ఆ ముల్లంగి గోల నుంచి వదిలెయ్యి.

కార్డు చదివి పకపకా నవ్వాను. టీ తాగుతూ మళ్ళీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు, టీ చల్లారిపోయింది.

నాలుగు అడుగుతాను, నాలుగింటికీ సూటిగా రాయి. ఆ పొద్దున ఏమైనా తిన్నావా? టోపీ పడినప్పుడు వెంటనే ఎందుకు తియ్యలేదు? ఎంతసేపు తల వంచి ఉన్నావు? ఆ సేపట్లో నీకేం గుర్తుంది? కథలు వద్దు.

ఇత్సుకో


కుజిమా రేవు
ఫిబ్రవరి 9

అక్కా,

మా వీధి చివర ప్లం పూలు విచ్చాయి. నీకింకా మంచే కాబట్టి ఈ మాట కాస్త ఉడికించడానికే రాస్తున్నాను.

పోలీసు స్టేషనులో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. పొద్దున తిన్నాను, తల్లీ: అన్నం, మిసో పులుసు, కాల్చిన ఎండుచేప. టోపీ అంటావా, అది నా తలకి వదులు. మూడు నెలలుగా కొత్తది అడుగుతున్నా హిరాత "వచ్చేస్తుంది" అంటాడే గానీ అది రాదు. బామ్మగారు ఎదురుగా ఉండగా వంగుని టోపీ వెతుక్కుంటే ఏం బాగుంటుంది?

ఇక్కడ నీ తమ్ముడు పెద్దమనిషైపోయాడు తెలుసా? బామ్మగారి కార్డుని ఊరి పత్రికలో వేశారు. ఇక చూడు, బస్సు దిగే ప్రతివాళ్ళూ వంగుతున్నారు. వంగి, నేను వంగేదాకా ఆగుతున్నారు. నేను లేచేదాకా లేవడం లేదు. నిన్న హైస్కూలు ఆడపిల్లలు ఐదుగురు వరసగా నిలబడి, "డ్రైవరు బాబాయ్, పత్రికలో వేసిన పొడుగుది పెట్టాలి, పొట్టిది చెల్లదు," అన్నారు. ఆసుపత్రి స్టాపులో రెండు నిమిషాలు ఆలస్యం అవుతోంది. హిరాత మాత్రం మురిసిపోతున్నాడు. మనసులో నలభై లెక్కపెట్టి లేవడం అలవాటు చేసుకున్నాను.

పుల్లల సాధన సాగుతోంది. కయో ఇప్పుడు దొంగాటలు ఆడుతోంది, కదిపినట్టు నటించి కదపదు. నీ చిట్కా పనిచేస్తోంది.

మొరిహికో


మొరియోకా
ఫిబ్రవరి 17

మొరిహికో,

మీ ప్లం పూలు మీ దగ్గరే ఉంచుకో. ఇక్కడ ఇవాళ కూడా మంచే కురుస్తోంది.

నాలుగు అడిగితే రెండింటికి రాశావు, తిండీ టోపీ. ఎంతసేపు, ఏం గుర్తుంది అన్న రెండింటినీ నీ పెన్ను దాటేసింది. స్కూల్లో నా గదికి వచ్చే పిల్లలు ఇంతే. నొప్పి ఎక్కడో తప్ప మిగతావన్నీ చెప్పేవాళ్ళు.

కుండ బద్దలు కొట్టినట్టు చెప్తున్నా విను. ఆ రోజు నువ్వు ఆ పెద్దావిడకి నమస్కారం పెట్టలేదు. నీకు స్పృహ తప్పింది. టోపీ పడినా తెలియలేదు. ఎదుటి మనిషి మూడుసార్లు వంగి లేచినా తెలియలేదు. తేరుకున్నాక ఆవిడ ఇంకా బస్సులో ఎందుకుందో అర్థం కాలేదు. సోమవారం పొద్దున మైదానంలో నిలబడి నిలబడి కూలిపోయే పిల్లల్ని ముప్పై ఏళ్ళు ఎత్తుకొచ్చినదాన్ని. కళ్ళు తెరవగానే వాళ్ళడిగే మొదటి మాట ఇదే: "టీచర్, అందరూ ఎక్కడికి వెళ్ళారు?" నీ "మీరింకా దిగలేదా" ఆ జాతి మాటే.

ఆ రోజు బండి ఆగాక పోయింది కాబట్టి సరిపోయింది. పది నిమిషాల ముందు పోయి ఉంటే? ఇసొమురా దారి నాకు తెలియదా, మనం పుట్టిందే ఆ ఒడ్డున. కొంగల మలుపు దగ్గర అడ్డుకమ్మీ మోకాలెత్తు కూడా ఉండదు, దాని కిందంతా సముద్రమే.

పుల్లల పరీక్ష పుల్లల పరీక్ష అని గోల చేస్తున్నావు గానీ, దానికన్నా ముందు ఒక కాగితం ఇస్తారు, ఆరోగ్య ప్రశ్నలది. మామూలు లైసెన్సుకి నాకూ ఇచ్చారు. మొదటి ప్రశ్న: గత ఐదేళ్ళలో జబ్బు వల్లగానీ, కారణం తెలియకుండాగానీ స్పృహ తప్పిందా? అవునని గుర్తు పెడితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కాదని అబద్ధం పెడితే శిక్ష అని కిందే అచ్చేసి ఉంటుంది. నీ బెంగ పుల్లల గురించి కాదని నాకు తెలుసు. నువ్వు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళు, కాగితం మీద అవునని గుర్తు పెట్టు.

ఇంకో మాట. గొప్ప చెప్పుకోవాలంటే ప్రశంసాపత్రం ఫోటో పంపేవాడివి. కార్డు మొత్తం నకలు తీసి ఒక నర్సుకి పంపావు. చదవమనే పంపావు, నేను చదివాను.

ఇత్సుకో


కుజిమా రేవు
ఫిబ్రవరి 27

ఇత్సుకో అక్కకి,

చలీ పూలూ కబుర్లు వదిలేసి నేరుగా వస్తున్నాను.

అవును, స్పృహ తప్పింది. ఇప్పుడు నీకు చల్లగా ఉందా? ఇంకా కావాలంటే ఇదీ విను. అక్టోబరులో కూడా ఒకసారి అయింది. డిపోలో బండి కడుగుతున్నాను. ఉన్నట్టుండి చూస్తే చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాను, గొట్టంలో నీళ్ళు పోతున్నాయి, నా బూట్లు రెండూ నిండి ఉన్నాయి. ఎవరూ చూడలేదు. కయోకి చెప్పలేదు, నువ్వూ చెప్పడానికి వీల్లేదు. సెప్టెంబరు కంపెనీ పరీక్షలో గుండె గీతలు బ్రహ్మాండంగా ఉన్నాయి, డాక్టరు సంతకం కూడా ఉంది.

అవునని గుర్తు పెట్టడం నీకు తేలికే. పెడితే ఏమవుతుందో తెలుసా? నన్ను ఆ రోజే సీట్లోంచి దింపుతారు. ఈ లైనుకి ఉన్నది నేనూ, చేతి ఎముక విరిగి ఇంట్లో కూర్చున్న ఇంకొకాయనా. కొత్త డ్రైవరు కోసం రెండేళ్ళుగా ప్రకటన వేస్తుంటే ఒక్కడు రాలేదు. నేను దిగితే లైను మూస్తారు. నిషి గారు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఆసుపత్రికి నా బస్సులోనే వెళ్తారు. తొమే బామ్మగారికి కూరగాయలు తెచ్చుకోవాలన్నా నా బస్సే. వీళ్ళందర్నీ ఎవరు తీసుకెళ్తారు, నువ్వు వస్తావా మొరియోకా నుంచి?

బస్సు నడపడం తప్ప నాకేం వచ్చు? ముప్పై నాలుగేళ్ళు. పొద్దున తెల్ల గ్లౌజులు తొడుక్కుని "కుడివైపు సరే, ఎడమవైపు సరే" అని వేలు చూపించి చెప్పుకుంటేనే నాకు తెల్లారినట్టు ఉంటుంది.

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదట. ఫోను మోగితే వినపడదు, వీధి తలుపు కొడితే వినపడదు, కారు మాత్రం నడుపుకుంటూ ఊట స్నానానికి వెళ్తావు. రైలు గేటు గంట వినపడుతుందా నీకు? నీ కాగితం మీద నువ్వేం గుర్తు పెట్టావు?

మొరిహికో


మొరియోకా
మార్చి 9

తమ్ముడూ,

కప్పుల మీంచి మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారుతోంది. ఆ చప్పుడు నాకు వినపడదు, కింద నేల అదిరితే తెలుస్తుంది.

నీ ఉత్తరం నాలుగు రోజులు బల్ల మీదే పెట్టుకున్నాను. రాసింది నిజం కాబట్టి కోపం రాలేదు. సిగ్గేసింది.

డిసెంబరు చివర బజారుకి వెళ్ళొస్తూ రైలు గేటు దాటుతున్నాను. గంట వినపడలేదు. ఎదురెండకి ఎర్ర దీపం కనపడలేదు. పట్టాల మధ్యలో ఉండగా ముందు కర్ర కిందికి దిగింది. ఆ కర్రని కారుతోనే తోసుకుంటూ బయటపడ్డాను. వెనక రైలు వెళ్ళడం కూడా వినలేదురా, సీటు వణికితే తెలిసింది. ఇంటికొచ్చి టీ పెట్టుకుని తాగాను. ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి నీకు "నేనే కారు నడుపుకుంటూ" అని గొప్పగా రాశాను.

నిన్న పోలీసు స్టేషనుకి వెళ్ళి లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. కౌంటరులో అమ్మాయి దానికి చిల్లు కొట్టింది. "ఇన్నాళ్ళూ జాగ్రత్తగా నడిపినందుకు ధన్యవాదాలు," అంటున్నట్టు ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాను. జాగ్రత్తగా! ఏడుపొచ్చింది. చిల్లు పడిన లైసెన్సుకి నకలు తీసి పెట్టాను చూసుకో. ఇప్పుడు నేనూ బస్సు మనిషినే. ఎక్కేటప్పుడు డ్రైవరు మొహం చూడటం అలవాటైంది. పాలిపోయి ఉన్నాడా, చెమట పట్టిందా అని చూస్తాను. నీ బస్సు ఎక్కేవాళ్ళకి అలా చూడటం తెలియదు. వాళ్ళు నమస్కారం పెడతారు.

కంపెనీ పరీక్షలో గుండె గీతలు తీసింది పావు నిమిషం. మిగతా రోజంతా ఆ గుండె ఏం చేస్తోందో ఎవరు చూశారు? నిషి గారిని ఆసుపత్రికి నేను తీసుకెళ్ళలేను, నిజమే. కానీ కొంగల మలుపు దగ్గర నువ్వు పోతే ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తావు?

హిరాత పేరిట ఒక ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, టీ కెటిల్‌కి ఆనించి పెట్టాను. అందులో అంతా ఉంది. ఏప్రిల్ 14 దాకా ఆగుతాను. ఆ తర్వాత ఆగను.

అక్క


కుజిమా రేవు
ఏప్రిల్ 3

అక్కా,

రెన్యువల్ అయిపోయింది. పుల్లలు మూడుసార్లూ సరిగ్గా పట్టాను, పరీక్ష పెట్టినాయన "ఈ వయసులో ఇంత చూపా" అన్నాడు. కాగితం మీద కాదని గుర్తు పెట్టాను. పెన్ను ఆగలేదు. కొత్త లైసెన్సు ఇచ్చారు, కంపెనీ ఒప్పందం మీద ముద్ర వేశాను. రేవు దగ్గర చెర్రీలు పూశాయి. అందరూ బాగున్నారు.

ఆ కవరు కాల్చెయ్యి. ఇక దీని గురించి రాయొద్దు.

మొరిహికో


మొరియోకా
ఏప్రిల్ 9

మొరిహికో,

రాయొద్దన్నావు, రాస్తున్నాను.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చోమని నన్ను కూడా అడుగుతున్నావు.

నిన్న ఆ కవరు తీసుకుని పోస్టు డబ్బా దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. చెయ్యి లోపల దాకా పెట్టి, తీసేశాను. నిన్ను వీపున కట్టుకుని రేవుకి తీసుకెళ్ళిన అక్కని, నీ తిండి నేనే లాగెయ్యాలా? ఇది వేస్తే నువ్వు జన్మలో నాతో మాట్లాడవు. వెయ్యకపోతే, పొద్దున పేపరు తెరిచినప్పుడల్లా ముందు షిమనె వార్తలు వెతుక్కోవాలి. ఇప్పటికే వెతుక్కుంటున్నాను.

ఆ కాగితం ఐదేళ్ళకోసారి. అది అయిపోయిందనుకో. కానీ బండి తియ్యకముందు హాజరులో హిరాత రోజూ నిన్ను నిలబెట్టి "ఒంట్లో ఎలా ఉంది" అని అడుగుతాడని నువ్వే చెప్పావు. రోజూ ఏం చెప్తున్నావురా?

పదిహేనో తారీఖు పొద్దున తొమ్మిదింటికి మా వీధి డబ్బా తెరుస్తారు. ఎనిమిదింటికి వెళ్ళి వేస్తాను. ఈసారి తిరిగి రాను.

అక్క


కుజిమా రేవు
ఏప్రిల్ 14, సాయంత్రం

అక్కా,

ఈ ఉత్తరం రేపటికి నీకు అందదు. అందుకే మీ పక్కింటివాళ్ళకి ఫోను చేసి, "కవరు వెయ్యొద్దు, తమ్ముడు చెప్పేశాడు" అని కాగితం మీద రాసి నీకు చూపించమన్నాను. చూపించారనుకుంటాను.

నీ బెదిరింపుకి లొంగానని అనుకోకు. జరిగింది ఇది. నిన్న ఇసొమురాలో తొమే బామ్మగారు దిగబోతూ వంగింది. నేనూ వంగి, ఎప్పటిలాగే నలభై లెక్కపెడుతున్నాను. ఇరవై ఎనిమిది దగ్గర అంకె తప్పింది. తల ఎత్తేసరికి బామ్మగారు గుమ్మం పట్టుకుని ఇంకా వంగే ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి. లెక్క మర్చిపోయానా, స్పృహే తప్పిందా? నాకే తెలియలేదు. నమస్కారానికీ జబ్బుకీ తేడా నాకే తెలియకుండా పోయిందక్కా. వంగిన ప్రతిసారీ లేస్తానా అని భయపడుతూ రెండు నెలలు నా జబ్బునే నేను నటించాను.

తిరుగు ప్రయాణంలో కొంగల మలుపు దగ్గర బండిలో తొమ్మిదిమంది ఉన్నారు, నిషి గారితో కలిపి. రెండో గేరులో, మనిషి నడిచినంత నెమ్మదిగా దింపాను. వెనక నుంచి ఎవరో "మన అమానో గారు ఎంత జాగ్రత్తో!" అన్నారు. ఆ మాటకి నా చొక్కా తడిసిపోయింది.

ఇవాళ పొద్దున హాజరు. హిరాత తాగి వచ్చామేమో చూసే ఊదుడు మిషను ఇచ్చాడు, ఊదాను, సున్నా. కొత్త లైసెన్సు చూపించాను. "ఒంట్లో ఎలా ఉంది, అమానో గారూ?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా దీనికి నా నోరు దానంతటదే జవాబు చెప్తుంది. ఇవాళ చెప్పలేదు. హిరాత అప్పటికే కాగితం మీద టిక్కు పెట్టేశాడు.

"బాగాలేదు," అన్నాను.

"జలుబా?"

"డిసెంబరులో నేను బామ్మగారికి నమస్కారం పెట్టలేదండీ. స్పృహ తప్పింది. అంతకుముందు డిపోలో ఒకసారి. నిన్న ఇంకోసారేమో, తెలియదు. లైసెన్సు కాగితం మీద అబద్ధం రాశాను."

హిరాత గోడ మీది కార్డు వైపు చూశాడు. నా కొడుకు వయసువాడు, తిడతాడేమో అనుకున్నాను. "తాళం ఇలా ఇవ్వండి," అని మాత్రం అన్నాడు. చెయ్యి చాచి ఉంటే నేనే ఇవ్వలేకపోయాను, గ్లౌజుకి తాళం అంటుకుపోయినట్టు. తర్వాత తనే టోపీ పెట్టుకుని బండి ఎక్కాడు. మొదటి బస్సు ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. తుఫాను రోజున తప్ప మా లైనులో ఎప్పుడూ అలా జరగలేదు. బండి వెనక దీపాలు మలుపు తిరిగేదాకా డిపో గుమ్మంలో నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కయోకి చెప్పాను. కిటికీలో ముల్లంగికి గుచ్చిన పుల్లలు పీకి, కడిగి, గూట్లో పెట్టేసింది. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం, ఇద్దరం.

మొరిహికో


మొరియోకా
ఏప్రిల్ 19

మొరీ,

పక్కింటివాళ్ళు చూపించిన కాగితం ఇంతవరకూ జేబులోనే ఉంది. కవరు పొయ్యిలో వేశాను. స్టాంపు ముందే ఊడదీశాను, ఈ ఉత్తరం మీద ఉన్నది అదే.

డాక్టరు ఏమన్నాడో రాయి. ఎంతసేపు, ఏం గుర్తుంది, అన్నీ రాయి.

అక్క


కుజిమా రేవు
జూన్ 14

అక్కా,

వానలు పట్టుకున్నాయి. రేవు మెట్ల మీద పాచి, ఇంట్లో ముక్కవాసన. నేను బాగున్నాను.

డాక్టరు ఒక రోజంతా ఛాతీకి మిషను కట్టి పంపాడు. మర్నాడు చూసి, నా గుండె మధ్యమధ్యలో ఆరేసి సెకన్లు పని మానేస్తోందన్నాడు. గుండె ఆగకుండా చూసే చిన్న డబ్బీ ఎడమ భుజం కింద పెట్టారు. కుట్లు మానాయి. డాక్టరు రాసిన సర్టిఫికెట్లో ఉన్నది రెండు ముక్కలే: సొంత కారు సంగతి ఆరు నెలలయ్యాక చూద్దాం, జనాన్ని ఎక్కించుకునే బస్సు మాత్రం వద్దు. దాన్ని పట్టుకుని లైసెన్సు కేంద్రానికి వెళ్ళాను. అబద్ధం రాశానని చెప్తే రెండు గంటలు కూర్చోబెట్టి, పోలీసులు వాంగ్మూలం రాసుకున్నారు. శిక్ష ఏమిటో ఇంకా తెలియదు. బస్సు లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. దాన్ని తలుచుకుని నిద్ర పట్టని రాత్రులు చాలానే ఉన్నాయి.

లైను మూయలేదు గానీ వారానికి మూడు రోజులే నడుస్తోంది. నిషి గారి ఆసుపత్రి రోజులకి సరిపెట్టి హిరాతే నడుపుతున్నాడు. మిగతా రోజుల్లో పని ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు, చేపల కొట్టు ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నాకు డిపోలో హాజరు బల్ల దగ్గర పని ఇచ్చారు. "ఒంట్లో ఎలా ఉంది?" అని నేనే అడగాలి. జవాబు వినకముందే టిక్కు పెట్టను.

అసలు సంగతి నిన్నటిది. మొదటిసారి ప్రయాణికుడిగా ఇసొమురా బస్సు ఎక్కాను. కొంగల మలుపు దగ్గర కళ్ళు గట్టిగా మూసుకున్నాను, వెనక సీట్లో కూర్చుంటే ఆ మలుపంటే ఇంకా భయం వేసింది. ఆఖరి స్టాపులో తొమే బామ్మగారు గొడుగు పట్టుకుని కూరల బుట్టతో దిగింది. నేనూ వెనకే దిగి, వానలో నిలబెట్టి చెప్పేశాను.

"బామ్మగారూ, ఆ రోజు నేను మీకు నమస్కారం పెట్టలేదు. స్పృహ తప్పి తల వాలిపోయింది. మీరేమో మర్యాద అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అయితే నేను వంగిన మూడుసార్లూ ఉత్తినేనా?" అంది.

"క్షమించండి."

"నా నడుం వారం రోజులు పట్టేసింది తెలుసా నాయనా? మందు పట్టీలు వేసుకుని పడుకున్నాను!" అంది. తర్వాత గొంతు తగ్గింది. "నీ ఎదురుగానే నిలబడ్డాను. మొహం ముల్లంగిలా పాలిపోయి ఉంది. చూశాను. ఎంత పద్ధతైనవాడో అనుకున్నానే గానీ, పట్టుకోవాలని తోచలేదు. ఈ వయసుకి ఆ మాత్రం తెలియలేదు నాకు."

నాకేం చెయ్యాలో తెలియక వంగాను. ఇది నిజం నమస్కారమక్కా, లెక్కపెట్టలేదు. లేచాను. రెండోసారి వంగాను, లేచాను. బస్సులోంచి హిరాత చూస్తున్నాడు, బయల్దేరే వేళ దాటిపోతున్నా హారను కొట్టలేదు. మూడోసారి వంగినప్పుడు మెడ మీద వాన పడటం ఆగింది. బామ్మగారు గొడుగు నా మీదికి జరిపింది. రెండో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది.

"లేస్తావు కదూ?" అంది.

లేచాను.

మొరిహికో